పసిబిడ్డల కడుపులో రక్తస్రావము: తక్షణోపచారము



పది కిలోగ్రాముల బరువుగల ఏడాది బిడ్డ యొడలిలో నున్న రక్తమంతయు సుమారు 800 మిల్లీలీటర్లు. మనము మంచినీరు త్రాగు గ్లాసుతో కొలిచిన నాలుగు గ్లాసులు. నాడు పుట్టిన మూడు కిలోల శిశువునకు గ్లాసున్నర కూడ నుండదు. పెద్దవాని దేహమున ఐదు లీటర్ల రక్తముండును గావున ఒక గ్లాసెడు పోయినను అతడు లేచి తన పని తాను చూచుకొనగలడు. ఆ గ్లాసెడే ఏడాది బిడ్డ కడుపులోనుండి వెడలిపోయినచో వాని రక్తములో నాలుగవ పాలు పోయినట్లే. పక్కబట్ట మీది మరక చిన్నదిగా నున్నదని ఊరకుండువారు ఈ లెక్కను జ్ఞాపకముంచుకొనవలెను. బట్ట మీద కనబడునది బయటికి వచ్చిన రక్తము మాత్రమే. ప్రేగులలో నిలిచినది ఎంతయో కంటికి కానరాదు.

ఇంకొక చిక్కు కలదు. రక్తము పోవుచున్నపుడు పెద్దవాని దేహము త్వరగా సోలిపోవును. పసిబిడ్డ దేహము అట్లు గాదు. గుండె వేగముగా కొట్టుకొని, కాలుసేతుల రక్తనాళములు ముడుచుకొని, మెదడునకును గుండెకును కావలసిన రక్తమును చాల సేపు నిలిపి యుంచును. అందువలన బిడ్డ కొంతసేపు బాగుగనే యున్నట్లు తోచును. ఆ శక్తి చెల్లిన పిమ్మట మాత్రము ఒక్కసారిగా పడిపోవును. "ఇప్పటిదాక ఆడుకొనుచుండెనే" యని తల్లులు విలపించుటకు కారణ మిదియే. కావున బిడ్డ పడిపోవుటకు ముందే గుర్తింపగల చిహ్నములు మనకు తెలిసియుండవలెను.

మొదట పెదవులు, నాలుక, క్రింది కనురెప్ప లోపలి భాగము, అరచేతులు చూడవలెను. అవి తెల్లబారెనా? తరువాత అరచేతులు, అరికాళ్లు తాకి చూడవలెను. ఒళ్లు వెచ్చగానుండి కాలుసేతులు చల్లబడినచో అది మంచి లక్షణము కాదు. బొటనవ్రేలి గోటిని తెల్లబడువరకు అదిమి విడిచినపుడు రెండు సెకనులలో మరల ఎరుపెక్కవలెను. మూడు సెకనులు దాటినను తెల్లగనే యున్నచో రక్తప్రసారము తగ్గినదని యెరుంగునది. గడియారము చేతనున్నవారు నాడిని లెక్కింపవచ్చును. పసికందునకు మణికట్టు వద్ద నాడి దొరకదు. మోచేతికి పైన, చేతి లోపలివైపున వ్రేళ్లుంచి చూడవలెను. ఏడవకుండ నున్న సమయమున నిమిషమునకు 160కి మించి కొట్టుకొనుచున్నచో, ఏడాది దాటి ఐదేండ్లలోపు వానికైనచో 140కి మించినచో, అపాయము సమీపమున నున్నది. మొదట చిరాకు, పిదప మత్తు, ఆరు గంటలు గడచినను మూత్రము లేకుండుట, ఇవన్నియు ఒకే కథను చెప్పును.

రక్తము పలు రూపములలో బయటపడును. వాంతిలో ఎర్రగా వచ్చిన రక్తము ఎవరికైనను తెలియును. కడుపులోని ఆమ్లము తగిలి మాడిన రక్తము కాఫీపొడివలె నుండును. పైభాగమున స్రవించి ప్రేగుల వెంట దిగిన రక్తము తారువలె నల్లగా, జిగటగా, చెడువాసనతో వెడలును. క్రిందిభాగమునుండి వచ్చునది ఎర్రగా గాని ముదురెరుపుగా గాని యుండును. రక్తముకానివి రక్తమని భ్రమపెట్టుటయు కలదు. బీటుదుంప తిన్న బిడ్డ మలము ఎర్రగా నుండును. ఇనుపధాతువు గల మందు త్రాగు బిడ్డ మలము నల్లబడును గాని, అందు తారువంటి జిగట యుండదు, ఆ దుర్వాసన యుండదు. ముక్కునుండి కారిన రక్తమును మ్రింగి పిదప వాంతిచేసుకొను పిల్లలును కలరు.

ఇపుడు ఇంటివద్ద చేయవలసిన పని. రక్తము ఎక్కువగా పడినను, పైని జెప్పిన చిహ్నములలో ఏ యొక్కటి కనబడినను వెంటనే 108కి ఫోను చేయవలెను. బిడ్డను పరుండబెట్టవలెను; వాంతి యగుచున్నచో ఎడమప్రక్కకు ఒత్తిగిలజేయవలెను, లేనిచో రక్తము ఊపిరితిత్తులలోనికి పోవును. దుప్పటి కప్పి వెచ్చగా నుంచవలెను. నోటిద్వారా ఏదియు ఈయరాదు. పాలు, నీళ్లు, కషాయము, చెరకురసము, ఏదియు వలదు. కడుపు నిండియున్నచో మత్తు ఇచ్చి శస్త్రచికిత్స చేయుట కష్టమగును. కడుపును పిసుకుట, ఆముదము పట్టి తోముట కూడదు. వాంతి పడిన బట్టను, మలముతో నిండిన గుడ్డను ఉతికివేయక ఒక సంచిలో వేసి వెంట తీసికొనిపోవలెను. లేదా చరవాణితో పటము తీయవలెను. వైద్యునకు ఆ గుడ్డ చెప్పు సంగతి మనము నోటితో చెప్పలేము. ఇంటిలో బిడ్డకిచ్చిన మందుల అట్టలన్నియు వెంట నుండవలెను.

ఒక మాట ఇచ్చట స్పష్టముగా చెప్పవలసియున్నది. నీళ్లవిరేచనములతో కొంచెము జిగురు, రక్తపు చారలు పడు బిడ్డకు ఈ నిషేధము వర్తింపదు. అది రక్తగ్రహణి. అట్టి బిడ్డకు చనుబాలు మానరాదు, ఓఆర్‌ఎస్ ద్రావణము త్రాగించుచునే వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. పాలు, నీళ్లు ఆపివేసిన కారణముననే ఎండిపోయి మరణించిన బిడ్డలు ఎందరో కలరు.

శ్రీకాళహస్తి చుట్టుపట్ల గ్రామములలో, తొట్టంబేడు దిక్కున గాని, బుచ్చినాయుడు కండ్రిగ దిక్కున గాని, జరుగు ఆలస్యమునకు దూరమొక్కటియే కారణము కాదు. తండ్రి పనిమీద శ్రీసిటీకో చెన్నపట్నమునకో పోయియుండును. అతడు వచ్చి సరేయనువరకు తల్లి గడప దాటదు. అవ్వ దిష్టి తీయుమనును. ఒకరు వాత పెట్టుమందురు, ఇంకొకరు తాయెత్తు తెమ్మందురు. రాహుకేతు పూజకు దేశదేశములనుండి జనులు వచ్చు క్షేత్రమున గ్రహదోషపు మాట వినబడుట వింత గాదు. పూజను నేను కాదనను. బిడ్డ ఇల్లు చేరిన పిమ్మట ఎన్ని పూజలైనను చేయవచ్చును. కాని వాత మాత్రము ఎన్నడును పెట్టరాదు. అది రోగమును తీర్పదు, ఆపైన కాలిన పుండు నొకదానిని చేర్చును. ఇట్టి వేళ "నేను పూచీ, మీరు బయలుదేరుడు" అని తల్లితో ననగల పెద్ద యొకడు ఊరిలో నుండుట మందుకంటె ముందు కావలసినది.

2005లో మన రాష్ట్రమున మొదలైన 108 బండిలో ప్రాణవాయువు నుండును, శిక్షణ గల మనిషి యుండును. కావున సొంత కారు వాకిట నున్నను, బండి త్వరలో రాగలదని తెలిసినచో దానికై వేచియుండుట మేలు. శ్రీకాళహస్తినుండి తిరుపతికి నలువది కిలోమీటర్లకు లోపు. ఏర్పేడు, రేణిగుంటల మీదుగా గంట ప్రయాణము. బిడ్డ బాగుగ సోలియున్నచో నేరుగా తిరుపతికి పరుగెత్తుటకంటె, దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో సెలైను ఎక్కించుకొని, అచ్చటినుండి ముందుగా ఫోను చేయించుకొని పోవుట క్షేమకరము. తిరుపతిలో రుయా ఆసుపత్రి కలదు. అది 1960లో నెలకొన్న శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాలకు అనుబంధము.

బండితో పాటు ఆరోగ్యవంతులైన ఇద్దరు యువకులు పోవలెను. ఎందుకనగా రక్తము కావలసివచ్చును. మన తిన్నడు, కన్నప్పయైన తిన్నడు, స్వామి కంటినుండి రక్తము కారగా తన కంటిని పెరికి యిచ్చి దానిని ఆపెనని కాళహస్తిలో ఎరుగని బిడ్డ లేదు. ఇపుడెవరును కన్ను ఈయనక్కరలేదు. పదునెనిమిదేండ్లు దాటి, నలువదియైదు కిలోల బరువుగల ఆరోగ్యవంతుడు ఒక సంచి, అనగా 350 మిల్లీలీటర్లు, ఇచ్చినను కొలది సేపటికి లేచి నడచును. 1901లో వియన్నా నగర వైద్యుడు కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తములో జాతులున్నవని కనుగొన్ననాటినుండి సరిపోవు రక్తమును ఎంచుట సాధ్యమైనది. ఇచ్చినవాని రక్తమే ఆ బిడ్డకు ఎక్కవలయుననుట లేదు. వీనిది నిలువలో చేరును, సరిపోవునది బిడ్డకు వచ్చును.

ఆసుపత్రిలో ఏమి చేయుదురో తెలిసియున్నచో భయము తగ్గును. మొదట ప్రాణవాయువు. పిదప సిరలోనికి సూది. సిరలు ముడుచుకొని దొరకనిచో మోకాలి క్రింద ముంగాలి యెముకలోనికే సూది దింపుదురు. అది చూచి తల్లులు కెవ్వుమందురు గాని, ఎముక లోపలి మూలుగు ఎన్నడును ముడుచుకొనని రక్తనాళమువంటిది. దానిగుండ ఎక్కించిన ద్రవము క్షణములలో గుండెను చేరును. బిడ్డ బరువులో ప్రతి కిలోకును పది మొదలు ఇరువది మిల్లీలీటర్ల సెలైను ఎక్కించి, మరల పరీక్షించి, అవసరమైనచో రక్తమెక్కింతురు. ఎక్కువ ఎక్కించినంత మేలనుకొనరాదు. కొన్ని జబ్బులలో అతిగా రక్తమెక్కించినచో నాళములలో ఒత్తిడి పెరిగి, ఆగిన రక్తము మరల పారును. పూర్వము మంచునీటితో కడుపు కడుగుచుండిరి. ఆ పద్ధతి ఇపుడు లేదు. బిడ్డ నిలదొక్కుకొన్న తరువాత, సాధారణముగా ఒక దినము లోపల, సన్నని గొట్టపు దుర్బిణితో లోపల చూతురు.

ఇక కారణములు. ఇవి వయసునుబట్టి మారును.

పుట్టిన మొదటివారములో వాంతిలోగాని మలములోగాని రక్తము కనబడినపుడు వైద్యుడు మొదట అడుగునది: "కాన్పైనపుడు విటమిన్ కె సూది వేసిరా?" రక్తము గడ్డకట్టుటకు ఈ విటమిను అవసరము. తల్లి కడుపులో బిడ్డకు ఇది మిక్కిలి తక్కువగా చేరును, చనుబాలలోను స్వల్పమే. కోపెన్‌హాగెన్ నగరమున హెన్రిక్ డామ్ అను పండితుడు కోడిపిల్లలకు కొవ్వులేని మేత పెట్టగా వానికి చర్మము క్రింద రక్తము స్రవించుటను గమనించి, 1935లో దీనికి కె అను పేరుపెట్టెను. 1943 సంవత్సరపు నోబెలు బహుమానము ఆయనకును అమెరికావాడైన ఎడ్వర్డ్ డాయిసీకిని లభించెను. కాన్పుగదిలో తొడకు వేయు ఒక మిల్లీగ్రాము సూది ఈ రోగమును నివారించును. "పుట్టీపుట్టని బిడ్డకు సూదులెందుకు" అని వెనుదీయు అవ్వలు దీనిని వినవలెను. మూర్ఛకు గాని క్షయకు గాని మందులు వాడు తల్లికి పుట్టిన బిడ్డకు మొదటి దినముననే రక్తస్రావము కావచ్చును గావున ఆ సంగతి వైద్యునకు ముందే తెలుపవలెను. చనుమొనలు పగిలిన తల్లి రక్తమునే బిడ్డ మ్రింగి క్రక్కుటయు కలదు. అది బిడ్డ రక్తమా, తల్లి రక్తమా యని తేల్చు చిన్న పరీక్ష యొకటి 1955నుండి వాడుకలో నున్నది. క్షారము కలిపినపుడు తల్లి రక్తము గోధుమరంగునకు మారును, బిడ్డ రక్తము గులాబిరంగు వీడదు.

మూడు మాసములు మొదలు రెండేండ్లవరకు భయపడవలసినది పేగులో పేగు దూరుట. దూరదర్శని గొట్టములో ఒక భాగము మరియొక భాగములోనికి జొచ్చినట్లు, ప్రేగులో కొంత తన ముందున్న ప్రేగులోనికి దూరిపోవును. దానితోపాటు రక్తనాళములును లాగబడి బిగిసికొనును. ఈ రోగము తరచుగా బొద్దుగా, చక్కగా ఎదుగుచున్న ఆరేడు మాసముల బిడ్డకే వచ్చుట దీని విచిత్రము. బిడ్డ ఉన్నట్టుండి మోకాళ్లు కడుపునకు ముడుచుకొని కెవ్వున ఏడ్చును, మొగము పాలిపోవును. రెండు మూడు నిమిషములలో అంతయు పోయి నవ్వును కూడ. పావుగంటకో ఇరువది నిమిషములకో మరల అదే కేక. పండ్లు వచ్చుచున్నవనియు, వాయువనియు, దిష్టియనియు ఇంటివారు తలపోయుచుండగా కాలము గడచును. తరువాత పచ్చని వాంతి. చిట్టచివర నేరేడుపండ్ల గుజ్జువంటి రక్తము, జిగురు కలిసిన మలము. గ్రంథములన్నియు ఈ మలమును వర్ణించును గాని, అది కనబడువరకు ఆగువాడు చాల ఆలస్యము చేసినవాడు. విడతలు విడతలుగా వచ్చు ఆ ఏడుపే మనము పట్టుకొనవలసిన గుర్తు.

అల్ట్రాసౌండు యంత్రముతో చూచినచో ఉల్లిగడ్డను అడ్డముగా కోసినట్లు పొరలుపొరలుగా అది కనబడును. ఒకదినము లోపల వచ్చిన బిడ్డలలో చాల మందికి కత్తి అక్కరలేదు. మలద్వారమునుండి గాలినిగాని నీటినిగాని కొలతగా ఎక్కించి, దూరిన ప్రేగును వెనుకకు నెట్టుదురు. 1876లో డెన్మార్కు వైద్యుడు హెరాల్డ్ హిర్ష్‌స్ప్రుంగ్ నీటితో నెట్టు పద్ధతిచే నయమైన బిడ్డలనుగూర్చి వ్రాసెను. అంతకు ఐదేండ్లముందు, 1871లో, లండనులో జోనథన్ హచిన్సన్ రెండేండ్ల బాలిక కడుపు కోసి ప్రేగును వెలికిలాగి బ్రతికించెను. ఇంటిలో కడుపు తోముట ఈ గాలిపద్ధతికి సమానమని కొందరందురు. కాదు. వైద్యుడు లోపలినుండి, ఒత్తిడిని కొలుచుచు, యంత్రముతో చూచుచు చేయును. మనము పైనుండి గ్రుడ్డిగా పిసికినచో, అప్పటికే కుళ్లనారంభించిన ప్రేగు చిల్లిపడును.

ఈ సందర్భమున ఒక అనుమానము తీర్పవలెను. విరేచనములకై వేయు రోటావైరసు చుక్కలవలన ఈ రోగము వచ్చునని విని కొందరు జంకుదురు. అమెరికాలో మొదట వచ్చిన ఒక టీకాను ఈ కారణముననే 1999లో వెనుకకు తీసికొనిరి. ఆ మాట నిజము. తరువాత హైదరాబాదులో తయారైన టీకాను 2016లో మన ప్రభుత్వము మొట్టమొదట నాలుగు రాష్ట్రములలో ప్రవేశపెట్టెను; అందు ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేలూరు వైద్యకళాశాలవారు పలుచోట్ల ఆసుపత్రులలో ప్రేగుదూరిన బిడ్డలను లెక్కించి పరిశీలించి, ఆ టీకా వేసిన పిమ్మట ఈ రోగము హెచ్చుటకు సాక్ష్యము కానరాలేదని 2020లో ప్రచురించిరి. చుక్కలు నిశ్చింతగా వేయింపవచ్చును.

నొప్పి లేకుండ, హఠాత్తుగా, గుడ్డలు తడియునంతటి ఎర్రని రక్తము రెండేండ్లలోపు బిడ్డకు పడినచో వైద్యులు మెకెల్ తిత్తిని అనుమానింతురు. నూటికిద్దరికి చిన్నప్రేగున పుట్టుకతోనే ఉండు చిన్న సంచి యిది. దాని లోపల కొందరికి జఠరపు పొర యుండి, ఆమ్లమూరి, ప్రక్కనున్న ప్రేగును పుండుచేయును. శస్త్రచికిత్సతో సంపూర్ణముగా నయమగును. గట్టిమలమువలన మలద్వారము చిట్లి చారగా రక్తము పడుట, ప్రేగులో పిలకవంటి కాయ పెరిగి మలము వెంట రక్తము జారుట, ఇవి తరచుగా కనబడునవే గాని ప్రాణాపాయము కలిగించునవి కావు.

మూడు నాలుగేండ్లు దాటిన బిడ్డ, ఆడుకొనుచున్నవాడు, ఒక్కసారిగా దోసెడు దోసెడు రక్తము క్రక్కినచో కాలేయమునకు పోవు పెద్దసిర మూసికొనిపోయి యుండవచ్చును. మన దేశమున పిల్లలు భారీగా రక్తము క్రక్కుటకు ఇది ముఖ్యకారణము. రక్తము దారి మళ్లి అన్నవాహిక చివరనున్న సిరలను ఉబ్బించును, అవి పగులును. కొందరిలో దీని మూలము పురిటిలో బొడ్డు చీము పట్టుట. కోసిన బొడ్డునకు పేడ, బూడిద, మసి, నూనె పూయు వాడుక ఇంకను అచ్చటచ్చట మిగిలియున్నచో దానిని మాన్పించుటకు ఈ ఒక్క కారణము చాలును. ఆసుపత్రిలో సిరలను ముడిపించు మందు ఎక్కించి, దుర్బిణిగుండ ఉబ్బిన సిరలకు చిన్న రబ్బరు కట్లు వేయుదురు. ఇట్టి బిడ్డలకు జ్వరము వచ్చినపుడు అంగడిలో కొన్న ఆస్పిరిను, ఐబుప్రోఫెను ఇచ్చుట నిప్పుమీద నూనె పోయుటయే. డెంగ్యూ జ్వరమునకును ఇదే నియమము. పారాసిటమాలు తప్ప వేరొకటి కూడదు. ఆ జ్వరము తగ్గిన దినముననే బిడ్డ చల్లబడి నల్లని విరేచనమైనచో తగ్గినదని సంతోషింపక పరుగిడవలెను.

మన యిండ్లలోనే యున్న మూడు వస్తువులను చెప్పక విడువరాదు. మొదటిది గర్భిణికిచ్చు ఎర్రని ఇనుపమాత్ర. మిఠాయివలె మెరయును. ఒక్కొక్కదానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము కలదు. పది కిలోల బిడ్డ మూడు నాలుగు మ్రింగినచో విషలక్షణములు తోచును. పది మ్రింగినచో ప్రాణమునకే ముప్పు. రక్తపు వాంతులు కొన్ని గంటలలో తగ్గి బిడ్డ కోలుకొన్నట్లుండును. మోసపోరాదు, మరునాటికి కాలేయము చెడును. రెండవది ఎలుకలమందు. దీనికిని అట్టి మోసపు విరామమే కలదు. మూడవది ఆటవస్తువులలోను, టీవీ మీటలపెట్టెలోను ఉండు రూపాయిబిళ్లవంటి బ్యాటరీ. అది అన్నవాహికలో తట్టుకొన్నచో రెండు గంటలలో కాల్చుట మొదలిడి, కొన్నిదినములకైనను పెద్ద రక్తనాళమును తొలిచి ప్రాణము తీయగలదు. మ్రింగుట చూచిన వెంటనే, రక్తము పడకముందు, ఏడాది దాటిన బిడ్డకు దారిలో పదినిమిషములకొకసారి రెండు చెంచాల తేనె, ఆరు పర్యాయములకు మించకుండ, నాకింపవచ్చును. నోటినుండి ఈయవచ్చునది ఇదొక్కటియే. తేనెకై ప్రయాణము ఆపరాదు, ఏడాది నిండని శిశువునకు తేనె కూడదు.

కాళహస్తి పొలములలో రక్తపింజరను మరువరాదు. రాత్రి నేలపై నిద్రించు బిడ్డను కరచినను కాటు కానరాకపోవచ్చును. తెల్లవారి చిగుళ్లనుండి, మూత్రమున, వాంతిలో రక్తము కనబడినచో వైద్యునకు పాము మాట చెప్పవలెను. రెండు మిల్లీలీటర్ల రక్తమును శుభ్రమైన గాజుగొట్టములో ఇరువది నిమిషములుంచి వంచి చూతురు. గడ్డకట్టక జారినచో విషవిరుగుడు మందు వేయుదురు. ఇందు సెలైనుతోను రక్తముతోను పని తీరదు.

బిడ్డ ఇల్లు చేరిన తరువాతి మాట రెండు ముక్కలలో చెప్పెదను. గాలితో సరిచేసిన ప్రేగు పదిమందిలో ఒకరికి మరల దూరును. ఎక్కువగా మొదటి దినములలోనే. ఆ ఏడుపు మరల వినబడినచో తిరిగి పోవలెను. సిరలకు కట్లు వేయించుకొన్న బిడ్డను రెండు మూడు వారములకొకసారి, అవి పూర్తిగా మాయమగువరకు, తీసికొనిపోవలెను. పోయిన రక్తము మరల కూడుటకు వైద్యులు కొన్ని మాసములు ఇనుపధాతువు మందు వ్రాసియిత్తురు. దానితో మలము నల్లబడును, అందు భయము లేదు. ఆ సీసాను మాత్రము బిడ్డ చేతికందని అటకమీద నుంచవలెను.